ఆఫ్రికా ప్రవాస కళలు, మ్యూజియం వేడుకలు, హైదరాబాద్ మర్ఫా

ఆఫ్రికా ప్రవాస కళలు అనగానే తెలుగు పాఠకుడికి ముందుగా తట్టేది అమెరికా. బ్లూస్, జాజ్, రెగె, హిప్‌హాప్, బ్రెజిల్ సాంబా, కాపొయెరా ఇవన్నీ అట్లాంటిక్ దాటించి అమ్మేసిన మనుషుల సంతతి పుట్టించినవి. వాటిని సినిమా ప్రదర్శనలతో, కచేరీలతో, నాట్యంతో ఏటా పండగలా జరిపే మ్యూజియాలు అమెరికాలో చాలా ఉన్నాయి. ఆఫ్రికా మనుషులు తూర్పు దిక్కుకూ వచ్చారు. ఎర్రసముద్రం, అరేబియా సముద్రం దాటి గుజరాత్, కొంకణం, కర్ణాటక, దక్కను ప్రాంతాల్లో స్థిరపడిన వాళ్లను సిద్దీలనీ హబ్షీలనీ అంటారు. తెలుగు నేల మీద వాళ్ల ప్రధాన నివాసం హైదరాబాద్. అక్కడ వాళ్లు, అరబ్బు సిపాయిల సంతతి కలిసి నిలబెట్టిన మర్ఫా మేళం ఏ మ్యూజియం గోడల మధ్యా పెరగలేదు. పెళ్లి ఊరేగింపుల్లో కూలికి వాయిస్తూ బతికింది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

దక్కనుకు వచ్చిన దారి

ఇథియోపియా ప్రాంతాన్ని అరబ్బులు హబష్ అనేవారు. అక్కడి నుంచి వచ్చినవాళ్లు మన దగ్గర హబ్షీలయ్యారు. తూర్పు ఆఫ్రికాలోని మిగతా తీరాల మనుషులు కూడా ఆ పేరు కిందే కలిసిపోయారు. బానిసలుగా, నావికులుగా, సిపాయిలుగా, వర్తకులుగా రకరకాలుగా వచ్చారు. అమెరికా పత్తి తోటల్లో మగ్గిన వాళ్ల బతుకుకూ వీళ్ల బతుకుకూ పెద్ద తేడా ఒకటుంది. దక్కను సుల్తానులు కొన్న బానిస చేతికి తరచుగా కత్తి ఇచ్చేవారు, ఎక్కడానికి గుర్రం ఇచ్చేవారు. కొందరు ఆ కత్తితోనే గద్దె దాకా వెళ్లారు. ఢిల్లీలో రజియా సుల్తానా కొలువులో పేరు మోసిన జమాలుద్దీన్ యాకూత్ హబ్షీ. బెంగాల్‌ను 1487 నుంచి 1493 దాకా హబ్షీ సుల్తానులే ఏలారు. రాతి జాలీలకు పేరుబడ్డ అహ్మదాబాద్ సిదీ సయ్యద్ మసీదు 1573 నాటిది, దాన్ని కట్టించినవాడూ సిద్దీయే.

వీళ్లందరిలో దక్కను చరిత్రను మలుపు తిప్పినవాడు మాలిక్ అంబర్. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు. చిన్నతనంలోనే అమ్ముడుపోయాడు. మోఖాలో, బాగ్దాద్‌లో చేతులు మారి చివరికి అహ్మద్‌నగర్ మంత్రి చెంగిజ్ ఖాన్ ఇంట చేరాడు. ఆ మంత్రి కూడా హబ్షీయే, ఒకప్పటి బానిసే. యజమాని పోయాక అంబర్ స్వేచ్ఛ పొందాడు, సొంత దండు కూడగట్టాడు, అహ్మద్‌నగర్ నిజాం షాహీ రాజ్యానికి సర్వాధికారి అయ్యాడు. మెరుపుదాడులతో మొగలాయి సేనలను ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. జహంగీర్‌కు ఎంత కడుపుమంటంటే, అంబర్ తలను తాను బాణంతో కొడుతున్నట్టు ఒక చిత్రం గీయించుకున్నాడు. నిజంగా ఆ తల అతనికి ఎన్నడూ చిక్కలేదు. 1610లో అంబర్ ఖడ్కీ నగరాన్ని నెలకొల్పి, భూగర్భ కాలువలతో దానికి నీళ్లు తెచ్చాడు. 1626లో కన్నుమూశాడు. ఖుల్దాబాద్‌లో సమాధి ఉంది. ఆ ఖడ్కీయే తర్వాత ఔరంగాబాద్ అయింది. ఇప్పటి పేరు ఛత్రపతి శంభాజీనగర్. 1763లో హైదరాబాద్‌కు మారేదాకా అసఫ్‌జాహీల, అంటే హైదరాబాద్ నిజాంల, రాజధాని అదే. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా ఆ ఊరూ తెలంగాణా ఒకే రాజ్యంలో ఉన్నాయి. ఇథియోపియా బానిస కట్టిన ఊరు తెలుగువాళ్లు ఉన్న రాజ్యానికి తొలి రాజధాని అన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనబడదు.

హబ్షీలు దక్కనుకు ఎక్కువగా పడమటి తీరపు రేవుల మీదుగానే వచ్చారు. తూర్పున గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. కైకలూరు, మండవల్లి, గుడివాడ వాళ్లు ఇప్పటికీ బందరనే అంటారు. 17వ శతాబ్దంలో ఇక్కడి నుంచి అద్దకం బట్టలతో ఓడలు పర్షియా సింధుశాఖకూ, ఎర్రసముద్రంలోని మోఖాకూ వెళ్లేవి. వర్తకం అంత దూరం సాగినా, కొల్లేటి చుట్టుపక్కల గానీ కృష్ణా గోదావరి డెల్టాలో గానీ చెప్పుకోదగ్గ సిద్దీ పేటలు కనిపించవు. సిపాయిని పోషించే కొలువు ఎక్కడుంటే సిద్దీ అక్కడ నిలిచాడు. డెల్టాలో కొలువు లేదు, పంట ఉంది.

వనపర్తి నుంచి ఏసీ గార్డ్స్ దాకా

హైదరాబాద్‌లో హబ్సిగూడ, సిద్ది అంబర్ బజార్ పేర్లు ఆ పాత మనుషులను తలపిస్తాయి. కానీ ఆఫ్రికా సంతతి కుటుంబాలు గుంపుగా ఉంటున్నది మాసబ్ ట్యాంక్, లక్డీకాపూల్ దగ్గరి ఏసీ గార్డ్స్ బస్తీలో. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికా ఆశ్వికదళం. రోజూ ఆ స్టాపు మీదుగా బస్సులో పోయేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఈ దళం మూలాలు వనపర్తి సంస్థానంలో ఉన్నాయి. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సిపాయిలతో ఒక అంగరక్షక దళాన్ని నిలిపాడు. తర్వాత అది నిజాం చేతికి వచ్చింది. ఎత్తుగా, దిట్టంగా ఉండే ఈ రౌతులు నిజాం ఊరేగింపుల్లో ముందుండేవారు. యుద్ధాల కన్నా దర్బారు హంగుకే వాళ్లు ఎక్కువ పనికొచ్చారంటే తప్పులేదు. వాళ్లకు ఇళ్లు ఇచ్చిన చోటే ఇప్పటి బస్తీ. దళాన్ని పెంచిన వనపర్తి కోటలో స్వాతంత్ర్యం తర్వాత పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. దాంతో దళం కూడా రద్దయింది. గుర్రపు స్వారీ, కవాతు తప్ప వేరే పని నేర్వని కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి. చిన్నాచితకా ఉద్యోగాలు, కూలి, మెకానిక్ పనులు వెతుక్కున్నారు. నిజాం సేనలో పనిచేసిన అరబ్బు సిపాయిలదీ అదే గతి. కొలువు పోయినా మేళం మిగిలింది. రౌతుల పిల్లలు వాద్యకారులయ్యారు.

ఈ సమాజం గురించి పుస్తకం రాసిన పండితుడు ఇథియోపియా నుంచి రావడం విశేషం. అబాబు మిందా యిమెనె హైదరాబాద్ సిద్దీల గుర్తింపు ఎలా నిలిచింది, ఎలా మారింది అన్నదాని మీద 2004లో ఒక గ్రంథం వెలువరించాడు. ఇన్ని విశ్వవిద్యాలయాలున్న ఈ నగరంలో ఆ పని చేయడానికి పూర్వీకుల ఊరి నుంచే మనిషి రావలసివచ్చింది.

మర్ఫా

మర్ఫా అన్నది మేళానికీ పేరే, అందులో వాయించే ఒక తోలు వాద్యానికీ పేరే. దానికి తోడు డఫ్, ఢోల్, స్టీలు బిందె, థాపీ అనే చెక్క బద్ద ఉంటాయి. శ్రుతి వాద్యం లేదు. పాట ఉన్నా లేకున్నా నడుస్తుంది గానీ దరువు లేనిదే నడవదు.

బరాత్, అంటే పెళ్లి ఊరేగింపు, ఫంక్షన్ హాలుకు సగం వీధి దూరంలో ఉండగానే మేళం గుండ్రంగా సర్దుకుంటుంది. తోలు డఫ్ అయితే ముందు నాలుగు కాగితాలు మండించి ఆ సెగకు చూపుతారు. తోలు బిగిసి మోత పదునెక్కుతుంది. మన డప్పు కళాకారులు చేసేదీ అదే. ప్లాస్టిక్ పొర బిగించిన డఫ్‌కు ఆ శ్రమ లేదు, ఆ మోతా లేదు. ఎడమచేత్తో డఫ్‌ను ఛాతీ ఎత్తున నిలిపి, కుడి అరచేతి అంచుతో ఒక దెబ్బ, వేళ్లతో ఒక దెబ్బ వేస్తారు. మొదట నింపాదిగా ఒక్కరే మొదలెడతారు. రెండో మనిషి ఆ దెబ్బల మధ్య ఖాళీల్లో తన దెబ్బలు పెడతాడు. బిందె కలిసేసరికి వీధి వీధంతా తిరిగి చూస్తుంది. అప్పుడు మధ్యలోకి ఇద్దరు మగవాళ్లు దిగుతారు. చేతిలో కర్రో, తళతళలాడే ఉత్తుత్తి కత్తో ఉంటుంది. ఎదురెదురుగా అడుగేస్తూ, భుజాలు అదిలిస్తూ, కత్తి తిప్పి వెనక్కి తగ్గుతారు. పోరు కాదు గానీ పోరు జ్ఞాపకం. వాయించేవాళ్లలో ఒకరిద్దరు ఉండబట్టలేక వాద్యంతోనే ఆటలోకి దిగుతారు.

ఈ మేళానికి అసలు వారసులెవరన్న వాదన హైదరాబాద్‌లో ఉంది. నిజాం సేనలో యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు ఉండేవారు. వాళ్ల సంతతిని చావుష్‌లంటారు. సైనిక బ్యారక్‌ల పేరు మీద ఏర్పడిన బార్కాస్ వాళ్ల పేట. మర్ఫా తమ తాతలు తెచ్చిందే అని వాళ్లంటారు. ఏసీ గార్డ్స్ సిద్దీలు తమది అంటారు. హద్రమౌత్‌కూ తూర్పు ఆఫ్రికా తీరానికీ శతాబ్దాల రాకపోకలు ఉన్నాయి. యెమెన్ రేవుల్లో ఆఫ్రికా వాద్యకారులు ఎప్పటినుంచో ఉన్నారు. కాబట్టి హైదరాబాద్ చేరకముందే ఆ దరువులో రెండు రక్తాలూ కలిసి ఉన్నాయి. దాన్ని విడదీయడానికి చేసే ప్రయత్నం పరిశోధకులకు ఉపయోగపడవచ్చు. వాయించేవాడికి దానితో పని లేదు.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన తీన్మార్ దరువు మర్ఫా నుంచి పుట్టిందని చెప్పేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది. డప్పుకు దానిదైన పాత దరువుల సంపద ఉంది కనుక ఈ మాటను పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. రెండు మేళాలు ఒకే వీధుల్లో తరాల తరబడి వాయించాక ఒకదాని దెబ్బ ఇంకోదానిలోకి పోవడం మాత్రం సహజం. ఏ దారిన వచ్చినా తీన్మార్ ఇప్పుడు రాష్ట్రాలు దాటింది. 2011లో పవన్ కల్యాణ్ సినిమాకు పేరైంది, వీ6 టీవీలో వార్తల కార్యక్రమానికీ పేరైంది. కైకలూరులో, ఆకివీడులో, ఏలూరు వన్‌టౌన్‌లో పెళ్లి ఊరేగింపు కదిలితే కుర్రాళ్లు బ్యాండువాళ్ల దగ్గరికి పోయి అడిగేది అదే. హైదరాబాద్ ముఖం చూడని వాళ్ల కాళ్లు కూడా ఆ దరువు అందుకుంటాయి.

మర్ఫాకు ఇప్పుడు గిరాకీ పెళ్లిళ్లలో, ఎన్నికల విజయోత్సవాల్లో, నాయకుల పుట్టినరోజుల్లో ఉంది. డీజే బండ్లు ఆ గిరాకీలో సగం లాక్కున్నాయి. పెద్ద పెళ్లిళ్ల కాలం తప్ప మిగతా నెలల్లో మేళగాళ్లు వేరే పనులకు పోక తప్పదు.

గుజరాత్, కర్ణాటక సిద్దీలు

హైదరాబాద్ సిద్దీలది నగరపు కళ. గుజరాత్, కర్ణాటకల్లో కథ వేరు. గుజరాత్ భరూచ్ జిల్లా రతన్‌పూర్‌లో బావా గోర్ దర్గా ఉంది. అకీకు రాళ్ల వర్తకంతో ముడిపడిన ఆ ఆఫ్రికా పీరును సిద్దీలు మూలపురుషుడిగా కొలుస్తారు. అక్కడి గోమా నాట్యం భక్తితో మొదలై ఆవేశంతో ముగుస్తుంది. కాళ్లున్న ముగర్మాన్ అనే పెద్ద డోలు, ఒకే తీగతో విల్లులా ఉండి సొరకాయ బుర్ర కట్టిన మలుంగా దాని వాద్యాలు. కొబ్బరికాయను పైకి విసిరి తలతో పగలగొట్టే ఘట్టం చూసి విదేశీ ప్రేక్షకులు నోళ్లు తెరుస్తారు. మలుంగా లాంటి తీగ విల్లే అట్లాంటిక్ దాటి బ్రెజిల్‌లో బెరింబావు అయింది, కాపొయెరా ఆటకు తాళం అయింది. రెండు మహాసముద్రాల ప్రవాసం ఒకే వాద్యంలో కలిసే చోటు ఇది. సిద్దీ మహిళల కోసం పనిచేసిన గుజరాత్‌కు చెందిన హీరాబాయి లోబీకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలు సాగు, కూలి చేసుకుని బతుకుతారు. వాళ్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు మూడు మతాలవాళ్లూ ఉన్నారు. మూడింటికీ ఉమ్మడిది దమ్మాం డోలు. వాళ్లకు 2003లో షెడ్యూల్డు తెగ హోదా వచ్చింది. 2020లో శాంతారాం సిద్దీ శాసనమండలి సభ్యుడయ్యాడు, ఆ సమాజం నుంచి చట్టసభలో అడుగుపెట్టిన తొలి మనిషి అతనే. పాత బట్ట ముక్కలు కుట్టి ఆడవాళ్లు తయారుచేసే కవంది బొంతలను 2011లో న్యూయార్క్‌లోని షోంబర్గ్ కేంద్రం ప్రదర్శించింది. హైదరాబాద్ సిద్దీలకు మాత్రం తెగ హోదా లేదు.

తెర మీద

హిందీ సినిమా హబ్షీని మొదటినుంచీ వింతగానే చూపింది. 1983లో కమాల్ అమ్రోహీ తీసిన ‘రజియా సుల్తాన్’లో యాకూత్ పాత్రకు ధర్మేంద్ర మొహాన నల్లరంగు పులిమారు. తెలుగు సినిమాలోనూ ఆఫ్రికా మనిషి చాలాకాలం విలన్ పక్కన నిలబడే ఆకారమే. ఈ మధ్య కర్ణాటకలో మార్పు కనిపిస్తోంది. దునియా విజయ్ ‘సలగ’ (2021) సినిమాలో సిద్దీ గాయకులు పాడిన ‘టినిగ మినిగ టిష్యా’ పాట పెద్ద హిట్టయింది. జయన్ చెరియన్ తీసిన ‘రిథం ఆఫ్ దమ్మాం’ 2024లో గోవా చిత్రోత్సవంలో ఆడింది. ఉత్తర కన్నడ సిద్దీల మధ్య, వాళ్లతోనే తీసిన సినిమా అది.

డాక్యుమెంటరీల్లో సంగీత శాస్త్రవేత్తలు నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ క్యాట్లిన్ దంపతులు గుజరాత్ సిద్దీల వాద్యాలను దృశ్యంగా, శబ్దంగా నమోదు చేశారు. బెహ్రోజ్ ష్రాఫ్ సిద్దీల జీవితం మీద వరుసగా చిత్రాలు తీసింది. తెలుగు పాఠకుడికి మాత్రం ఆఫ్రికా ప్రవాసం పుస్తకం ద్వారానే దగ్గరైంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన అనువాదం ‘ఏడు తరాలు’ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుస్తకాల్లో అందరూ చదివినది. పల్లెల్లో గ్రంథాలయాల దాకా వెళ్లింది. ఆ పుస్తకంలోని కుంటా కింటే పేరు తెలిసిన ఇళ్లలోనే ఏసీ గార్డ్స్ సంగతి తెలియకపోవడం విడ్డూరం.

మ్యూజియం వేడుక ఎలా పుట్టింది

యూరప్, అమెరికా మ్యూజియాల్లో ఆఫ్రికా చాలాకాలం అద్దాల బీరువాల్లోని ముసుగులు, ఈటెలే. ఆ ముసుగు తొడిగి ఆడే మనిషీ, ఆ ఆటకు డోలూ బీరువాలో పట్టవు. ఈ లోపాన్ని ముందుగా గుర్తించింది నల్లజాతి సమాజమే. పోర్టోరికో నుంచి న్యూయార్క్ వచ్చిన ఆర్తురో షోంబర్గ్ జీవితమంతా పుస్తకాలు, చిత్రాలు, కాగితాలు కూడబెట్టాడు. 1926లో ఆ సేకరణను కార్నెగీ సంస్థ సొమ్ముతో నగర గ్రంథాలయం కొన్నది. ఇప్పటి షోంబర్గ్ కేంద్రానికి పునాది అదే. అదే ఏడాది కార్టర్ వుడ్‌సన్ ఫిబ్రవరిలో నీగ్రో చరిత్ర వారం మొదలుపెట్టాడు. 1976 నుంచి అది నెలగా సాగుతోంది. మ్యూజియాల్లో సినిమాలు, కచేరీలు ఎక్కువగా ఫిబ్రవరిలో ఉండడానికి కారణం ఇదే. ఆ ఒక్క నెల దాటితే మరచిపోతారన్న విమర్శ కూడా ఉంది.

1960ల్లో పౌరహక్కుల ఉద్యమంతో పాటు మ్యూజియాలు పుట్టాయి. 1961లో షికాగోలో మార్గరెట్ బరోస్ తమ ఇంట్లోనే ఒకటి మొదలుపెట్టింది, అదే తర్వాత డు సాబల్ మ్యూజియం అయింది. 1965లో డెట్రాయిట్‌లో చార్లెస్ రైట్ అనే ప్రసూతి వైద్యుడు మరొకటి పెట్టాడు. దాని ఆధ్వర్యంలో 1980ల నుంచి జరిగే ఆఫ్రికన్ వరల్డ్ ఫెస్టివల్‌లో వీధంతా డోళ్లు, నాట్యం, తిండి దుకాణాలే. 1967లో వాషింగ్టన్‌లోని పేద పేట అనకోస్టియాలో స్మిత్సోనియన్ సంస్థ మూతబడిన కార్వర్ అనే సినిమా హాలును మ్యూజియంగా మార్చింది. జనం సినిమాకు వచ్చే అలవాటున్న చోటికే మ్యూజియం వెళ్లింది. ఆ తరహా ఆలోచన మన దగ్గర మూతబడ్డ టూరింగ్ టాకీసుల విషయంలో ఎవరికీ రాలేదు, వాటిని ఫంక్షన్ హాళ్లు చేసుకున్నాం.

2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఫ్రికా ప్రవాసానికే ప్రత్యేకంగా మ్యూజియం తెరిచారు. 2016 సెప్టెంబరు 24న వాషింగ్టన్ నడిబొడ్డున ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి జాతీయ మ్యూజియాన్ని అధ్యక్షుడు ఒబామా ప్రారంభించాడు. చక్ బెర్రీ ఎర్ర క్యాడిలాక్ కారు, పార్లమెంట్ ఫంకడెలిక్ బృందం వేదిక మీదికి దింపిన అంతరిక్ష నౌక అక్కడ చూడవచ్చు. 2018లో ఆ మ్యూజియం తొలి చలనచిత్రోత్సవం జరిపింది.

ఆ మ్యూజియంలో మెచ్చుకోవలసిన పని ఇంకొకటుంది. కుటుంబాలు తమ ఇళ్లలో మూలపడిన పాత ఫిల్ము రీళ్లు, వీడియో క్యాసెట్లు తెస్తే ఉచితంగా డిజిటల్‌లోకి మార్చి ఇస్తారు. అసలు రీలు కుటుంబానికే పోతుంది, ఒప్పుకుంటే ఒక ప్రతి మ్యూజియంలో ఉంటుంది. పుట్టినరోజులు, చర్చి పిక్నిక్‌లు, పెళ్లి నాట్యాలు వాటిలో ఉంటాయి. స్టూడియోలు చూపని నల్ల జీవితం వాటిలోనే దొరుకుతుంది.

సినిమాల్ని కాపాడటంలో సంగీతం ఎంత అడ్డుపడుతుందో చార్లెస్ బర్నెట్ ‘కిల్లర్ ఆఫ్ షీప్’ చెబుతుంది. లాస్ ఏంజెలిస్‌లో విద్యార్థిగా ఉండగా తీసిన ఆ సినిమా 1978లో తొలిసారి తెర మీదికి వచ్చింది. అందులో వాడిన బ్లూస్, జాజ్ పాటల హక్కులు కొనలేక థియేటర్లలో సరైన విడుదల 2007 దాకా కుదరలేదు. 2011లో అక్కడి విశ్వవిద్యాలయ చలనచిత్ర భాండాగారం ఆ తరం నల్లజాతి దర్శకుల సినిమాలను వెతికి, బాగుచేసి, హామర్ మ్యూజియం థియేటర్‌లో వరుసగా చూపింది. జూలీ డాష్ ‘డాటర్స్ ఆఫ్ ది డస్ట్’ (1991) కూడా ఆ తరం దర్శకుల నుంచి వచ్చినదే.

నాట్యానికి పేరొందిన వేడుక బ్రూక్లిన్‌లో 1977లో చక్ డేవిస్ మొదలుపెట్టిన డాన్స్ ఆఫ్రికా. ఆఫ్రికా గడ్డ మీద చూస్తే, 1966లో సెనెగల్ అధ్యక్షుడు సెంఘోర్ డకార్‌లో నల్లజాతి కళల ప్రపంచోత్సవం జరిపాడు. 1969లో వాగదూగూ చలనచిత్రోత్సవం మొదలైంది. సెంఘోర్ కలగన్న నల్ల నాగరికతల మ్యూజియం డకార్‌లో 2018లో గానీ తలుపులు తెరవలేదు.

భారతీయ హబ్షీలకు ఈ చోట్లలో స్థానం దొరకడం కొత్త సంగతి. 2013లో షోంబర్గ్ కేంద్రం సిల్వియాన్ దియూఫ్, కెన్నెత్ రాబిన్స్ కూర్చిన ప్రదర్శనతో భారతదేశపు ఆఫ్రికన్లను, బానిసల నుంచి సేనాపతులు, పాలకుల దాకా, అమెరికా జనానికి చూపింది. 2014లో అది ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి వచ్చింది.

మారిషస్‌లో తెలుగువాళ్ల పక్కన

తెలుగువాళ్లూ ఆఫ్రికా ప్రవాసులూ ఒకే నేల మీద ఒకే చెరకు తోటల్లో చెమటోడ్చిన చోటు మారిషస్. 1835లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక తోటలకు ఒప్పంద కూలీలను భారతదేశం నుంచి తెచ్చారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కిన వాళ్లవల్ల తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలనే పేరు పడింది. ఉగాది ఇప్పటికీ ఆ దేశంలో సెలవు దినం. బానిసల సంతతి సృష్టించిన సెగా పాట, నాట్యం 2014లో యునెస్కో జాబితాకెక్కింది. మేకతోలు బిగించిన రవాన్ అనే వెడల్పాటి వాద్యాన్ని మంట సెగకు చూపి వాయిస్తారు, మన డప్పు మాదిరే. రాజధాని పోర్ట్ లూయీలో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ ప్రపంచ వారసత్వ స్థలం. పాత సైనిక ఆసుపత్రిలో పెట్టిన బానిసత్వ మ్యూజియం కూడా ఆ ఊళ్లోనే ఉంది. రెండు సమాజాల బాధల్ని విడివిడిగా, పక్కపక్కనే గుర్తుచేసుకునే పద్ధతి అది.

హైదరాబాద్ మ్యూజియాలు

హైదరాబాద్ మ్యూజియాల్లో ఆఫ్రికా లేకపోలేదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చాడని, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడని చెబుతారు. పేరు నైషు. బడిపిల్లల విహారయాత్రల్లో దాని ముందు ఎప్పుడూ గుంపే. సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఈజిప్టు వస్తువుల విభాగం ఉంది. 1951లో దివాన్ దేవిడీలో తెరిచిన ఈ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 1937 రజతోత్సవ కానుకలు దొంతరలుగా ఉన్నాయి. చౌమహల్లా ప్యాలెస్ 2005లో జనానికి తెరుచుకుంది. రాజా దీన్‌దయాళ్ కెమెరా నిజాం కొలువును, సేనను అందంగా పట్టింది.

ఇన్ని మ్యూజియాల్లోనూ నిజాం కూర్చున్న కుర్చీకి ఉన్న చోటు ఆ కుర్చీ ముందు నడిచిన రౌతుకు లేదు. మమ్మీ ఉన్న మ్యూజియం నుంచి ఏసీ గార్డ్స్ బస్తీ నడిచిపోయేంత దగ్గర. మర్ఫా మ్యూజియం ఆవరణలో మోగితే అది సాధారణంగా అతిథులకు స్వాగతం పలకడానికే. అది ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది అన్న పలక అక్కడ ఉండదు. ఏటా మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినం, నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవం జరుగుతాయి. ఉపన్యాసాలు, ఫొటో ప్రదర్శనలు, పిల్లలకు పోటీలు పెడతారు. సిద్దీ వాద్యకారుడిని పిలిచి డఫ్ ఎలా పట్టాలో చూపమనడానికి, బస్తీ పెద్దవాళ్లు రౌతు తాతల కథలు చెబుతుంటే రికార్డు చేయడానికి ఆ వారం సరిపోతుంది. పెద్ద ఖర్చు కూడా కాదు.

తొందరగా చేయాల్సింది క్యాసెట్ల పని. ఏసీ గార్డ్స్, బార్కాస్ ఇళ్లలో 1980, 90ల నాటి పెళ్లి వీడియోలు వీహెచ్ఎస్ టేపుల మీద ఉన్నాయి. ఆ తరంలో పెళ్లికి వీడియో తీయించని ఇల్లు నగరంలో అరుదు. డీజేలు రాకముందు తోలు డఫ్‌తో, పాత మేళగాళ్లతో సాగిన బరాత్‌లకు కదిలే బొమ్మ అదొక్కటే. టేపు మీది అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ రాలిపోతుంది, తేమకు బూజు పడుతుంది. వాటిని ఆడించే వీసీఆర్లు బాగుచేసే మెకానిక్‌లు కోఠి గుజరాతీ గల్లీలో కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.